రెండు పిట్టలు, ఒక మిరపచెట్టు

గుంటూరు మిర్చి యార్డుకి కూడా వేసవి సెలవులుంటాయి. సీజన్ ముమ్మరంలో రోజుకు లక్ష టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, పైగా దిగే ఆవరణ అది. ఆసియాలోకెల్లా పెద్దదని ఊరివాళ్లు అడిగినవాళ్లకు చెబుతారు, అడగనివాళ్లకూ చెబుతారు. మే నెల నడిమికి వచ్చేసరికి ఎండ దెబ్బకు గేట్లు పడతాయి. హమాలీలు సొంతూళ్లకు పోతారు, కమీషన్ వ్యాపారులు మొక్కులు తీర్చుకోవడానికి కొండెక్కుతారు, అమ్ముడుపోని సరుకు కోల్డ్ స్టోరేజీల్లో పడి ఉంటుంది. జూన్ దాకా కాంటా కదలదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులోనో చెన్నైలోనో పత్రికలకు బొమ్మలు వేసుకునే మనిషి కూడా సెలవు పెట్టి ఊరొస్తాడు. సంచిలో ఒక స్కెచ్ పుస్తకం, నాలుగు పెన్నులు. ఊళ్లో అతనికి పనేమీ ఉండదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తాడు, సాయంత్రం రోడ్డెక్కి కంటబడిన దాన్నల్లా గీస్తాడు. "ఏం చేస్తున్నావురా ఇక్కడ?" అని ఏ బాబాయో పలకరిస్తే "ఏం లేదు బాబాయ్, ఊరికే చూస్తున్నా" అంటాడు.

ఊరికే చూడటం అనేది ఒకటుందా? ఉంటే, అది తగిన పనేనా? వేదాంతుల మధ్య రెండువేల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. కార్టూనిస్టుకి మాత్రం ప్రతి సెలవుల్లోనూ ఎదురవుతుంది.

తెలుగు కార్టూనుకి తను గీసే ఊరికి దూరంగా బతకడం మొదటినుంచీ అలవాటే. నరసాపురంలో పుట్టిన బాపు 1955లో ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూన్లు వేసింది మద్రాసులో కూర్చుని. జయదేవ్ అదే మద్రాసులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో తెలుగువాళ్ల ఇళ్లలోని నవ్వుల్ని గీశారు. పత్రికలు మద్రాసు నుంచి విజయవాడకు, ఆ తర్వాత హైదరాబాదుకు కదిలాయి, బొమ్మలేసేవాళ్లూ వాటి వెంటే కదిలారు. 1980ల చివర జిల్లా అనుబంధాలు పుట్టాక వార్త మండలం దాకా, గ్రామం దాకా దిగింది గానీ కార్టూన్ దిగలేదు. 'ఈనాడు'లో శ్రీధర్ నాలుగు దశాబ్దాల పాటు వేసిన 'ఇదీ సంగతి' ముఖ్యమంత్రులకూ ప్రధానమంత్రులకూ నిద్ర లేకుండా చేసి ఉండొచ్చు. చిలకలూరిపేట మురుగుకాల్వ సంగతి ఎవరు పట్టించుకోవాలి? జిల్లా పేజీకి సాధారణంగా కార్టూనిస్టు ఉండడు. సెలవులకు వచ్చినవాడి కంటబడితేనే దానికి యోగం.

ఆ జిల్లా పేజీలో ఈ మెట్ట ప్రాంతపు కథ ఏళ్ల తరబడి ఒకే దారిలో నడుస్తుంది. 2017లో మిర్చి ధర కుప్పకూలింది, కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని ప్రకటించింది. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని పీల్చి పిప్పి చేసింది, చాలామంది పంటను పొలంలోనే దున్నేశారు. కాయ కరువైంది గనక ఆ తర్వాత రేటు 20,000 దాటింది, దాన్ని చూసి అందరూ మిర్చే వేశారు. 2025కి మళ్లీ పడింది, ఈసారి కేంద్రం చెప్పిన అంకె 11,781. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు 2022లో ముక్కలై పల్నాడు, బాపట్ల వచ్చాయి గానీ వార్త మారలేదు. పేజీ పైన జిల్లా పేరు మారిందంతే.

ఇంత జరుగుతుంటే కార్టూన్ ఏం చేసింది? మిరపకాయకు కాళ్లూ చేతులూ పెట్టి, తలపాగా చుట్టి, కంట్లో రెండు చుక్కలు నీళ్లు పెట్టింది. మిర్చి వార్తకు శీర్షిక పెట్టేవాడి దగ్గర కూడా మూడే మాటలుంటాయి: ఘాటు, మంట, కన్నీరు. ధర పెరిగితే 'ఘాటెక్కిన మిర్చి', తగ్గితే 'రైతు కంట మంట'. ఏడాదికి ఒకసారి పంచాంగం మారినట్టు ఆ బొమ్మా ఆ శీర్షికా మళ్లీ వస్తాయి. అవి చూసి వేసిన బొమ్మలు కావు. యార్డు ముఖం ఎరగకుండా కూడా వేయొచ్చు.

చూస్తే వేరే ఉంటుంది. ఆఖరి కోత కాయ ఇంకా కల్లంలో ఉన్న ఊళ్లు మేలోనూ దొరుకుతాయి. దూరం నుంచి నేల మీద ఎర్ర దుప్పటి పరిచినట్టు కనిపించేది, దగ్గరికెళితే నాలుగైదు రంగులుగా విడిపోతుంది. మంచి కాయది ఒక ఎరుపు, వాన తడిసినదాని మీద నల్లమచ్చ, పండకముందే ఎండి తెల్లబారినది తాలు. తాలు ఏరడానికి ఆడవాళ్లు బారులు తీరి కూర్చుంటారు. ముక్కు మీదుగా చెంగు బిగించి కట్టుకుంటారు గనక కళ్లు తప్ప ముఖం కనిపించదు. వాళ్ల వేళ్లు కళ్లకంటే ముందు నడుస్తాయి. కాయను ఎత్తి చూడరు. తేలిగ్గా తగిలిందా, పక్కకు పోతుంది. సాయంత్రానికి గోళ్ల సందుల్లో పట్టిన మంట రాత్రికీ దిగదు. ఇంటికెళ్లాక పసిబిడ్డను ఎత్తుకోవాలంటే చేతులు రెండుమూడుసార్లు కడుక్కోవాలి.

ఆ వేళ్లు ఎలా కదులుతున్నాయో పట్టుకోవాలని కార్టూనిస్టు ఇంకొంచెం ముందుకు జరుగుతాడు. రెండు గీతలు పడతాయి. మూడో గీత సగంలో ఉండగా తుమ్ము. ఆ వెనకే ఇంకోటి, ఆపైన దగ్గు. గీత కాగితం దాటి పోతుంది. "గాలికెదురు కూచుంటే అంతే మరి బాబూ, ఇటు పక్కకి రా" అంటూ చెంగుల వెనక నుంచి నవ్వులు. చూడటానికి వచ్చినవాడు అలా చూపులపాలవుతాడు.

ముండకోపనిషత్తులో రెండు పిట్టలున్నాయి. ఒకే చెట్టు మీద, జతగా, ఒకదాన్నొకటి విడవకుండా ఉంటాయి. ఒకటి చెట్టు పండు తింటూ ఉంటుంది. రెండోది తినదు, చూస్తూ ఉంటుంది. తినేది జీవుడనీ, చూసేదానికి కర్మ అంటదనీ వ్యాఖ్యాతలు చెప్పారు. అద్వైతులు ఈ చూసే తత్వానికే సాక్షి అని పేరు పెట్టారు. 14వ శతాబ్దంలో విద్యారణ్యులు పంచదశిలో దీనికోసం నాటకదీపం అని ఒక ప్రకరణమే కేటాయించారు. రంగస్థలం మీది దీపం సభాపతినీ, ప్రేక్షకుల్నీ, నర్తకినీ సమానంగా వెలిగిస్తుంది, అందరూ వెళ్లిపోయాక ఖాళీ వేదిక మీదా అలాగే వెలుగుతుంది. ఎవరి పక్షమూ పట్టదు. ఆట బాగుంటే పెరగదు, చెడితే తగ్గదు.

కార్టూనిస్టులకు ఈ రెండో పిట్ట చాలా ఇష్టం. తాము అదేనని అనుకోవడం ఇంకా ఇష్టం. ఆర్.కె. లక్ష్మణ్ 1951 నుంచి గీసిన సామాన్యుడు దానికి గళ్ల కోటు, ధోవతి తొడిగిన రూపం. మంత్రుల గదుల్లో ఉంటాడు, వరద గట్టు మీద ఉంటాడు, విమానంలో ఉంటాడు. మాట మాత్రం మాట్లాడడు. యాభై ఏళ్లకు పైగా ఆ నోరు విప్పలేదు. దేశం మొత్తం అతన్ని తనవాడనుకున్నది ఆ మౌనం వల్లే. కానీ కొంచెం ఆగి ఆలోచిస్తే అనుమానం వస్తుంది. అన్ని చోట్లా హాజరై, అన్నీ చూసి, ఎక్కడా ఏమీ అనని మనిషిని నిజజీవితంలో మనం ఏమంటాం?

లక్ష్మణ్‌కు కాకులంటే ప్రాణం. చిన్ననాటి నుంచి గీస్తూనే ఉన్నారు. ఆయన్ని నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు తీసుకొచ్చి ఉంటే పాపం నిరాశపడేవారు. ఆ కొండ మీద కాకి వాలదని నమ్మకం. శివుడి అభిషేకానికి గొల్లభామ ఆనందవల్లి మోసుకెళుతున్న నీళ్లను కాకి ఒలకబోసిందట, ఆమె శపించిందట. దేవుడికి జరిగిన అపచారానికి దేవుడు ఊరుకున్నాడు, నీళ్లు మోసిన పిల్లకు కోపమొచ్చింది. ఆ కోపమే కొండ మీద చట్టమైంది. శివరాత్రి తిరునాళ్లలో కింద నుంచి వచ్చే విద్యుత్ ప్రభల సంగతి ఇంకా తమాషా. కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి ఆకాశమంత ఎత్తున లేచే ఆ వెదురు కట్టడాల మీద త్రికోటేశ్వరుడూ, సినిమా హీరోలూ, పార్టీ నాయకులూ ఒకే లైట్ల వెలుగులో కనిపిస్తారు. ఎవరూ అపచారమనుకోరు. మంగళగిరిలో పానకాల స్వామి నోట్లో బిందెడు పానకం పోస్తే గుటకల చప్పుడు వినిపిస్తుంది, సగం తాగి సగం వెనక్కి ఇస్తాడని భక్తులు చెబుతారు. కొండంత దేవుడు మర్యాదస్తుడిలా సగం దగ్గర ఆగిపోవడం మీద ఇక్కడివాళ్లు వేసుకునే జోకులకు లెక్కలేదు. జోకు వేసినవాళ్లే మర్నాడు బిందె పట్టుకుని మెట్లెక్కుతారు.

కాబట్టి ఈ నేల మీద దేవుడితో నవ్వడం పెద్ద చిక్కేమీ కాదు. మనిషిని చూసి నవ్వడమే చిక్కు. కష్టంలో ఉన్న మనిషిని అరుగు మీద కూర్చుని గీయడం ఇంకా పెద్ద చిక్కు.

దీనికి అమరావతి శిల్పులు తమ పద్ధతిలో ఒక దారి చూపించారు. స్తూపం మీది తొలినాళ్ల పలకల్లో బుద్ధుడి రూపం ఉండదు. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, రెండు పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన జనం. మానవరూపంలో బుద్ధుడు తర్వాతి కాలంలో వచ్చాడు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఒకే రాతిపలకకు రెండువైపులా చెక్కిన అమరావతి శిల్పం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వపు ఖాళీ ఆసనం, రెండోవైపు మూడో శతాబ్దపు అలంకారాలతో కిటకిటలాడే స్తూపం. పాత పలకను తిప్పి మళ్లీ వాడుకున్నారు. కార్టూనిస్టుకి ఖాళీ కుర్చీ విలువ వేరే చెప్పనక్కర్లేదు. రాని మంత్రిని గీయడంకంటే ఆయన కోసం వేసిన కుర్చీని గీస్తే బొమ్మ బాగా పలుకుతుంది.

అదే స్తూపం మీద పొట్టలు వేలాడే మరుగుజ్జు యక్షులు మెలికలు తిరిగిన భారీ పూలదండను మోయలేక మోస్తుంటారు. పుణ్యక్షేత్రంలో నవ్వొచ్చే బొమ్మ వేయొచ్చా అని ఏ శిల్పీ అనుమతి అడిగినట్టు లేదు. అన్నిటికంటే గొప్పది చెన్నై మ్యూజియంలోని నలగిరి పతకం. రాజగృహంలో బుద్ధుడి మీదకు మదపుటేనుగును వదిలిన కథ అది. ఒకే గుండ్రటి చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది, వీధిలో జనాన్ని తొక్కుతూ ఒకసారి, బుద్ధుడి ముందు మోకరిల్లి ఇంకోసారి. అంటే అది ఊరి వార్త, సంఘటనా ముగింపూ ఒకే బొమ్మలో. ఇక పైభాగం చూడాలి. అక్కడ మేడ కిటికీల్లోంచి మనుషులు తొంగి చూస్తున్నారు. కింద ప్రాణాలు పోతుంటే పైన చూస్తున్నవాళ్లను కూడా శిల్పి వదల్లేదు, చట్రంలోకి లాగి కూర్చోబెట్టాడు. ఉపనిషత్తు రెండో పిట్టను ముక్తుణ్ని చేసింది, ఈ శిల్పి దాన్ని కిటికీలో పట్టుకున్నాడు. ఆ పతకం ముందు నిలబడ్డ మనమూ ఇంకో కిటికీలో ఉన్నట్టే.

అమరావతికి ఇంకో సాక్షి దూరం నుంచి వచ్చాడు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అని పిలిచే స్తూపపు దిబ్బను తవ్వారు, చెక్కిన సున్నపురాతి పలకలు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. ఆ రోజుల్లోనే చూసిపోయిన కాలిన్ మెకంజీ అనే సర్వేయరు 1816లో చిత్రకారుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి మిగిలినవాటిని కొలతలతో సహా గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్లు కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. కాగితమే మిగిలింది. గీసినంత మాత్రాన రాయి ఆగలేదు, ఎవరూ ఆపనూ లేదు. అయినా గీయకపోయి ఉంటే పోయిందేమిటో కూడా మనకు తెలిసేది కాదు. చూడటానికి ఉన్న విలువ ఇంతే అని ఒకరనొచ్చు, ఇంత ఉంది గదా అని ఇంకొకరనొచ్చు.

బాపు అమరావతికి వచ్చింది వేరే దారిలో. అమరావతిలో పుట్టి ఆకాశవాణిలో పనిచేసిన శంకరమంచి సత్యం 1970ల మధ్యలో ఆంధ్రజ్యోతి వారపత్రికకు నూరు అమరావతి కథలు రాస్తే, బాపు వాటికి బొమ్మలు వేశారు. 1990ల్లో శ్యాం బెనెగల్ వాటిని దూరదర్శన్‌కు హిందీలో తీశారు. గోదారి మనిషి కృష్ణ ఒడ్డును గీసిన బొమ్మలు అవి. 'పుణుకుల బుట్టలో లచ్చితల్లి' అన్న పేరు చాలు, ఆ కథల్లో ఎలాంటి మనుషులుంటారో తెలియడానికి. పూజారి, పడవవాడు, బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే ముసలమ్మ. బాపు వాళ్లను నాలుగైదు గీతల్లో దింపేసి తప్పుకుంటారు. ఆ బొమ్మలు వెకిలిగా లేకపోవడానికి గీత గొప్పదనం ఒక్కటే కారణం కాదు. పక్కనే ఆ ఊళ్లో పుట్టిన మనిషి రాసిన కథ ఉంది. బొమ్మ అబద్ధమాడితే కథ పట్టిస్తుంది. జిల్లా వార్త మీద ఒంటరిగా వేసే కార్టూన్‌కు ఆ కాపలా లేదు.

కాపలా లేకపోతే ఎక్కడికి పోవచ్చో తెలియాలంటే 1987-88కి వెళ్లాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి అప్పటికి రాజ్యమేలుతోంది. పురుగు కోసం సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టారు, చాలక మళ్లీ కొట్టారు. ఆ మందులకు పురుగుల్ని తినే పురుగులు చచ్చాయి, తెల్లదోమ విజృంభించింది. పంట పోయింది, మందుల కొట్లలో అప్పు మిగిలింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దేశంలో రైతు ఆత్మహత్యల చరిత్ర రాసేవాళ్లు తరచుగా ఆ ఏడాది దగ్గరే మొదలుపెడతారు. దోమ చావని మందుకు మనిషి చచ్చాడు. ఈ వాక్యంలో కార్టూన్‌కు కావలసిన సరంజామా అంతా ఉంది, వ్యంగ్యం, తలకిందులు, టక్కున తెగే ముగింపు. అంత సులువుగా అమరింది గనకే దాని జోలికి పోకూడదు. చచ్చిపోయినవాడు ఆ బొమ్మలో ఒక చమత్కారానికి ముడిసరుకు అవుతాడు తప్ప మనిషిగా మిగలడు. మందుల కంపెనీని గీయొచ్చు, వడ్డీ చిట్టాను గీయొచ్చు, ఖాళీ డబ్బా మీద 'పిల్లలకు అందనివ్వరాదు' అన్న అక్షరాల్ని గీయొచ్చు. శవాన్ని మాత్రం జోకుకి వాడుకోకూడదు.

1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ జిల్లా తిరిగినప్పుడు ఇదే గట్టు మీద నిలబడ్డారు. ఆయన వ్యంగ్యచిత్రాలూ వేయగలిగిన మనిషే. అక్కడ మాత్రం వ్యంగ్యాన్ని జేబులో పెట్టుకుని, ఎదురుపడ్డ మనుషుల్ని ఉన్నదున్నట్టు గీసి, వాళ్ల కథలు రాసుకున్నారు. 'హంగ్రీ బెంగాల్' పేరుతో అచ్చయిన ఆ పుస్తకం 5,000 ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. ఊరికే చూసినవాడి పుస్తకాన్ని ఏ ప్రభుత్వమూ అంత శ్రమపడి తగలబెట్టదు.

మన పొన్నూరు దేవుడి కథ ఇక్కడ చెప్పాలి. ఆయన పేరే సాక్షి భావనారాయణుడు. కాశీయాత్రలో ఒకాయన తన కూతుర్ని మేనల్లుడికి ఇస్తానని దేవుడి ఎదుట మాటిచ్చాడట. ఊరొచ్చాక మాట తప్పాడు. సాక్ష్యం ఎవరని అడిగితే ఆ కుర్రాడు దేవుడే అన్నాడు. అందరూ నవ్వారు. దేవుడు మాత్రం నవ్వకుండా పొన్నూరు దాకా వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం. ఒడిశాలో పూరీ దగ్గర సాక్షిగోపాలుడిదీ ఇలాంటి కథే. రెండింటిలోనూ దేవుడు రెండో పిట్టలా కొమ్మ మీద కూర్చోలేదు. దారి ఖర్చు పెట్టుకుని, ఎండలో నడిచి, ఊరి పెద్దల ముందు నిలబడి ప్రశ్నలకు జవాబిచ్చాడు. శాస్త్రం చెప్పే సాక్షికీ జనం కొలిచే సాక్షికీ ఇంత తేడా ఉందని పండితులు ఎక్కువగా పట్టించుకోలేదు. తాలూకా కోర్టు మెట్లెక్కిన రైతుకి మాత్రం బాగా తెలుసు. చూశానని ఊళ్లో చెప్పినవాడు సాక్షి కాడు, బోనెక్కి ఎదుటి వకీలు ప్రశ్నలకు తట్టుకున్నవాడు సాక్షి.

వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా ఈ ప్రాంతపు భక్తులు శ్రీశైలం వెళ్లే దారిలో ఇంకొకాయన ఉన్నాడు. సాక్షి గణపతి. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కలం. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, ఫలానావాడు నిజంగానే వచ్చాడని కైలాసంలో చెబుతాడట. బొజ్జతో, కలంతో, నోటుబుక్కుతో ఉన్న ఆ దేవుణ్ని కార్టూనిస్టుల సంఘం ఇంకా తమ కులదైవంగా ప్రకటించుకోకపోవడం ఆశ్చర్యమే. ఆయన దగ్గర గమనించాల్సింది ఒకటుంది. ఆయన రాసుకునేది తన అభిప్రాయం కాదు, ఎదుటివాడి పేరు, ఊరు.

బాపు తొలి సినిమా కూడా ఇదే ప్రశ్న మీద నడుస్తుంది. 1967లో వచ్చిన 'సాక్షి'లో బల్లకట్టు నడిపే ఒక అమాయకుడు హత్య చూస్తాడు, కోర్టులో చెబుతాడు. హంతకుడు జైలు నుంచి తప్పించుకుని చంపడానికి వస్తుంటే, నిన్నటిదాకా మెచ్చుకున్న ఊరు తలుపులు బిగించుకుంటుంది. లా పట్టా పుచ్చుకుని ఏనాడూ నల్లకోటు వేయని మనిషి తీసిన సినిమా అది. సాక్ష్యం చెప్పడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క తెలిసే తీశారు.

పిట్టల సంగతికి ఇంకొక చిన్న సవరణ ఉంది, అది జీవశాస్త్రం నుంచి వస్తుంది. ఉపనిషత్తు నాటికి మిరపకాయ ఈ దేశంలో లేదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. తీరా వచ్చాక కూడా పిట్టలకు దాని ఘాటు తెలియదు. కాయలోని క్యాప్సైసిన్ క్షీరదాల నోటిని మండిస్తుంది, పక్షుల నోటిని మండించదు. చిలక ఎండు మిరపకాయను హాయిగా కొరికేయడానికి కారణం అదే. అంటే గుంటూరు మిరపచెట్టు మీద తినే పిట్టకూ మంట లేదు, చూసే పిట్టకూ మంట లేదు. ఈ ప్రాంతానికి ఆ ఉపమానం చాలదు.

వినుకొండలో పుట్టిన జాషువా 1941లో ఇంకో జీవిని ఎంచుకున్నారు. గుళ్లోకి అడుగుపెట్టనివ్వని అరుంధతీసుతుడు తన గోడును కాశీ విశ్వనాథుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గర్భగుడిలో వేలాడే గబ్బిలాన్ని ఏ పూజారీ గెంటలేడు కదా. కాశీ దేవుడు సాక్ష్యానికి పొన్నూరు వచ్చాడన్నది పురాణం, ఇక్కడి సాక్ష్యాన్ని కాశీకి మోసుకెళ్లమన్నది జాషువా కావ్యం. పైగా గబ్బిలం పిట్ట కాదు, క్షీరదం. మిరప మంట దానికి తగులుతుంది. తలకిందులుగా వేలాడుతూ లోకాన్ని చూసేదీ, రాత్రిపూట తిరిగేదీ, పెద్దలు అపశకునమని తరిమేదీ, సందేశం మోసేదీ అయిన ఆ జీవిలో కార్టూనిస్టు పోలికలు రెండో పిట్టలో కంటే ఎక్కువున్నాయి.

ఇక సెలవు ముగించుకుని బండెక్కబోయే మనిషి స్కెచ్ పుస్తకం సంగతి. అందులోని కల్లం బొమ్మ హైదరాబాదులో అచ్చయితే నలుగురు భేషంటారు. బొమ్మలో ఉన్నవాళ్లు దాన్ని ఎప్పటికీ చూడరు. ఎదురు ప్రశ్న ఉండదు. అదే జిల్లా పేజీలో వస్తే మర్నాటికి కల్లంలో తిరుగుతుంది. తాలు కుప్ప ఎడమ పక్కన పోస్తాం గానీ కుడి పక్కన పోయమని ఒకామె అంటుంది. మేస్త్రీని అంత లావుగా వేశావేంటని ఇంకొకామె నవ్వుతుంది. మా కూలి ఎంతో ఎందుకు రాయలేదని మూడో ఆమె నిలదీస్తుంది. కమీషన్ కొట్టు గుమాస్తా బస్టాండులో ఎదురై, మా అయ్యగారు కనుక్కోమన్నారంటూ చెయ్యి భుజం మీద వేస్తాడు. సాక్ష్యం బోనెక్కడమంటే ఇదే.

జిల్లా పేజీకి వారానికి ఒక్క కార్టూన్, ఆ జిల్లా మనిషి చేతే, కింద పేరుతో సహా వేయిస్తే ఎలా ఉంటుందో ఏ సంపాదకుడైనా ప్రయత్నించవచ్చు. ఖర్చు పెద్దగా కాదు. అడ్డంకి వేరే చోట ఉంది. ఆ పేజీ కింది సగంలో సీజన్ మొదట్లో విత్తనాల కంపెనీ ప్రకటన వస్తుంది, మధ్యలో పురుగుమందులది, చివర్లో కోల్డ్ స్టోరేజీది. నకిలీ విత్తనం మీద వేసిన కార్టూన్ సరిగ్గా విత్తనాల ప్రకటన నెత్తిన కూర్చున్న రోజున, ప్రకటనల విభాగం నుంచి సంపాదకుడికి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌కు ఏం జవాబివ్వాలో పంచదశిలో లేదు.